అడగకముందే వదులుకున్నవి: ప్రేమబంధంలో గౌరవం, అధికారం, ఆత్మవిలువలపై ఒక కేస్ స్టడీ

ఈ కేసును రాయడానికి ఇద్దరు భాగస్వాములూ అంగీకరించారు. వారిని గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలను మార్చాను. చికిత్స నడిచిన క్రమాన్ని, అందులో మొదట నేను చేసిన పొరపాటును మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నదంతా ఆ పొరపాటు దగ్గరే మొదలైంది.

రాక

ఆమె వయస్సు 32 సంవత్సరాలు, వృత్తి లెక్కల తనిఖీ. ఆయన వయస్సు 35. ఐదేళ్లుగా ప్రేమబంధంలో ఉన్నారు, చివరి రెండున్నరేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. మొదటిసారి ఆమె ఒక్కరే వచ్చారు. ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు దరఖాస్తులో ఇలా రాశారు: "నా కోపాన్ని తగ్గించుకోవాలి. నా మీద నాకు గౌరవం పెరగాలి."

ఆ కోపం ఎలా ఉంటుందో ఒక సంఘటన చెప్పమని అడిగాను. తనను సంప్రదించకుండా ఆయన తన స్నేహితులను రెండు రోజుల పాటు ఇంట్లో ఉండటానికి పిలిచారని, "ఒక్క మాట అడిగి ఉండాల్సింది కదా" అని తాను కాస్త గట్టిగా అన్నానని చెప్పారు. అంతే, అది తప్ప మరే గొడవా జరగలేదు. ఆయన ఎదురు చెప్పలేదు, గొంతు పెంచలేదు, నాలుగు రోజులు మాట్లాడటం మానేశారు. "నాలుగో రోజు రాత్రి నేనే సారీ చెప్పాను. దేనికి చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు," అన్నారు ఆమె. తన సమస్యను కోపంగా రాసుకుని వచ్చిన మనిషి చెప్పిన మొదటి ఉదాహరణలో కోపం ఒక్క వాక్యానికి మించి లేదన్న సంగతిని నేను ఆ రోజే రాసుకున్నాను, కానీ దాని బరువు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అదే సెషన్‌లో ఆమె వాడిన మరో మాటను ఇక్కడ చెప్పాలి. "తను నన్ను ఎప్పుడూ అవమానించలేదండీ. కానీ నేను తనకి లోకువైపోయాను." అవమానానికి ఒక తేదీ ఉంటుంది, సందర్భం ఉంటుంది, చాలాసార్లు ఒక సాక్షి కూడా ఉంటారు. లోకువకు అవేవీ ఉండవు. ఎప్పుడు మొదలైందో చెప్పలేని స్థితి అది. అందుకే లోకువైన మనిషి ఫిర్యాదు చేయబోతే చూపించడానికి ఏదీ చేతికి దొరకదు, చివరికి తన స్వభావంలోనే లోపం ఉందనుకోవడం సులువవుతుంది. మా వృత్తిలో ఉన్నవారు ఈ మాట వినబడిన చోట ఆగి వినాలని నా అభిప్రాయం.

మదింపు

సంబంధాల గురించి సహాయం కోరి వచ్చిన ప్రతి ఒక్కరినీ, భాగస్వామి లేని సమయంలో, ఒంటరిగా కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఆ మనిషి దగ్గర మీకు ఎప్పుడైనా భయం వేసిందా? చెయ్యి చేసుకోవడం, వస్తువులు విసరడం, దారికి అడ్డు నిలబడటం జరిగాయా? మీ డబ్బు వేరొకరి చేతిలో ఉందా? మీ ఫోన్, మీ రాకపోకలు ఎవరి నిఘాలోనైనా ఉన్నాయా? మీ స్నేహితులను, కుటుంబాన్ని కలవడానికి అడ్డంకులున్నాయా? ఇష్టం లేని చోట శారీరక సంబంధానికి ఒత్తిడి ఉందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్న జవాబు వచ్చినా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే ఆలోచనను పక్కన పెట్టి ముందు భద్రత గురించి మాట్లాడాలి. భయంలో ఉన్న మనిషి ఉమ్మడి సెషన్‌లో నిజం చెబితే, దాని ఫలితాన్ని ఇంటికి వెళ్లాక అనుభవించాల్సి వస్తుంది.

ఈ కేసులో ఆ ప్రశ్నలన్నింటికీ లేదన్న జవాబే వచ్చింది. ఇద్దరి జీతాలూ ఇంచుమించు సమానం, ఎవరి ఖాతా వారిది. ఆమె స్నేహితురాళ్లతో సంబంధాలు తెగిపోలేదు. నెల తరువాత వేరే మాటల్లో మళ్లీ అడిగాను, జవాబు మారలేదు.

కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో ఆమెకు 27కి 12 వచ్చాయి. 10 నుంచి 14 వరకు మధ్యస్థ స్థాయిగా లెక్కిస్తాం. నిద్ర చెడింది, ఏకాగ్రత తగ్గింది, చనిపోవాలన్న ఆలోచన లేదు. సామాజిక శాస్త్రవేత్త మారిస్ రోజెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన పది వాక్యాల ఆత్మవిలువ కొలమానంలో 30కి 13 వచ్చాయి. 15 కంటే తక్కువ వస్తే ఆత్మవిలువ తక్కువగా ఉందని సాధారణంగా భావిస్తారు. ఆమె కోరికా అదే, అంకె చూపించిందీ అదే. దాంతో నా దృష్టి పూర్తిగా అటే పోయింది.

మొదటి నాలుగు సెషన్లు

తన మీద తనకు గౌరవం పెరిగితే భాగస్వామి నుంచి గౌరవాన్ని కోరగలరు, కోరితే దొరుకుతుంది అన్న క్రమాన్ని నేను ప్రశ్నించకుండా ఒప్పుకున్నాను. తన బలాలను రాసుకోవడం, రోజుకు ఒకసారి తన గురించి ఒక మంచి వాక్యం చెప్పుకోవడం, ఆత్మవిమర్శ మొదలైనప్పుడు దానికి ఎదురుగా సాక్ష్యాన్ని వెతకడం వంటి అభ్యాసాలు ఇచ్చాను. వాటిని ఆమె శ్రద్ధగా చేశారు, నాలుగో వారానికి ముందుకంటే నీరసించి వచ్చారు. "అద్దం ముందు నిలబడి నేను ప్రేమకు అర్హురాలినని చెప్పుకుంటున్నాను. అప్పుడే తను హాల్లోంచి లేచి, నా వైపు చూడకుండా గదిలోకి వెళ్లిపోతాడు. అంటే ఇది కూడా నాకు చేతకావడం లేదు," అన్నారు.

ఇలా జరిగే అవకాశం ఉందని నాకు తెలిసి ఉండవలసింది. జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, నేను ప్రేమించదగిన మనిషిని అనే వాక్యాన్ని పదేపదే చెప్పుకున్నప్పుడు, ఆత్మవిలువ ఎక్కువగా ఉన్నవారికి కొంచెం మేలు కలిగింది, తక్కువగా ఉన్నవారు మాత్రం అంతకుముందుకంటే దిగులుపడ్డారు. చెప్పుకునే మాటకు, లోపల నమ్ముతున్నదానికి దూరం ఎక్కువైన కొద్దీ ఆ మాటే తమ కొరతను గుర్తు చేస్తుంది. నా క్లయింట్ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె నమ్మకానికి ఆధారం పాత జ్ఞాపకాల్లో లేదు, ప్రతి సాయంత్రం ఇంట్లోనే కొత్తగా తయారవుతోంది. పక్కనున్న మనిషి వారానికి మూడు రోజులు ఆమె ఉనికినే గుర్తించకుండా తిరుగుతుంటే, ఆమె తనను తాను తక్కువగా అంచనా వేసుకోవడం ఒక విధంగా కళ్లముందున్న దాన్ని సరిగ్గా చదవడమే. ఆ పరిస్థితిని వదిలిపెట్టి ఆమె అంచనాను సరిచేయమనడం నా పొరపాటు. ఐదో సెషన్‌లో ఈ మాట ఆమెతో నేరుగా చెప్పి, అభ్యాసాలను ఆపేశాను.

పట్టీ

ఆమె వృత్తికి తగిన పనే తరువాత ఉపయోగపడింది. మూడు వారాల పాటు ఇంట్లో జరిగే నిర్ణయాలకు ఒక పట్టీ రాయమన్నాను: విషయం ఏమిటి, ముందు ఎవరు ప్రస్తావించారు, చివరికి ఎవరి మాట నిలిచింది, క్షమాపణ ఎవరు చెప్పారు. భావాలు రాయవద్దని, జరిగింది మాత్రమే రాయమని అడిగాను. మూడో రోజు నుంచి ఆమె తనంతట తానే మరో గడి గీసుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు "అడగనివి". అంటే తనకు కావాలనిపించి, ఆయన ఏమనుకుంటారోనని ముందే ఊహించుకుని, నోరు తెరవకుండానే వదిలేసినవి.

మూడు వారాలకు 31 నమోదులు వచ్చాయి. వాటిలో ఇద్దరూ బయటికి మాట్లాడుకుని తేల్చుకున్నవి తొమ్మిది. అందులో ఐదింటిలో ఆయన మాట, నాలుగింటిలో ఆమె మాట నిలిచాయి. ఈ భాగాన్ని మాత్రమే చూస్తే సమానమైన బంధం కనిపిస్తుంది. ఆయన తరువాత నాతో "మా ఇంట్లో ఇద్దరం కలిసే నిర్ణయాలు తీసుకుంటాం" అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు, తనకు కనిపించిన తొమ్మిది గురించి చెప్పారు. మిగిలిన ఇరవై రెండూ "అడగనివి" గడిలో ఉన్నాయి, అన్నీ ఆమెవే. క్షమాపణలు ఆమెవి పదకొండు, ఆయనది ఒకటి.

డచ్ పరిశోధకురాలు ఆఫ్కె కోమ్టర్ 1989లో దంపతుల మధ్య దాగి ఉండే అధికారం గురించి ప్రచురించిన అధ్యయనం నాకు ఈ పట్టీని చదవడం నేర్పింది. గొడవలో ఎవరు గెలిచారన్నది అధికారంలో పైకి కనిపించే పొర మాత్రమే. దాని కింద మరో పొర ఉంటుంది. అక్కడ ఒకరు రెండోవారి అయిష్టాన్ని ముందే పసిగట్టి కోరికను వెనక్కి తీసుకుంటారు కాబట్టి గొడవే పుట్టదు. ఇంకా లోతుకు వెళితే ఆ కోరిక కలగడమే ఆగిపోతుంది, ఉన్న ఏర్పాటు సహజమని ఇద్దరికీ అనిపిస్తుంది. గొడవలు లేని ఇంటిని చూసి అక్కడ గౌరవం ఉందని అనుకోకూడదు. ఎవరి నోట ఎన్ని కోరికలు ఆగిపోతున్నాయో లెక్క చూడాలి.

ఆ ఇరవై రెండింటిలో చాలా వరకు చిన్నవి. ఒక శనివారం తన అక్క ఇంటికి వెళ్లాలనుకోవడం, దీపం ఇంకో అరగంట వేసి ఉంచుకుని చదువుకోవాలనుకోవడం, మరికొన్ని ఇలాంటివే. ఒకటి మాత్రం పెద్దది. మరో నగరంలో ఎనిమిది నెలల పనికి నాయకత్వం వహిస్తారా అని ఆమె సంస్థ అడిగింది. పది నిమిషాల్లో కాదని జవాబు రాసేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"ఆయన వద్దంటారని మీకెలా తెలుసు?" అని అడిగాను.

"వద్దనడు," అన్నారు. "ఏమీ అనడు. అదే కదా."

మౌనానికి ఉన్న బలం

సామాజిక శాస్త్రవేత్త విలార్డ్ వాలర్ 1938లోనే ఒక సూత్రాన్ని చెప్పారు: బంధాన్ని కొనసాగించాలన్న ఆసక్తి ఎవరికి తక్కువగా ఉంటుందో, షరతులు వారి చేతిలో ఉంటాయి. 1962లో రిచర్డ్ ఎమర్సన్ దాన్ని ఇంకా విశాలంగా చూశారు. ఒకరి మీద మరొకరికి ఉండే అధికారం, మొదటివారు రెండోవారి మీద ఎంత ఆధారపడి ఉన్నారన్న దానికి సమానమని ఆయన వాదన. దీనికి నా అనుభవం నుంచి ఒక సవరణ చెబుతాను. ఆసక్తి నిజంగా తక్కువగా ఉండనక్కరలేదు, తక్కువగా ఉన్నట్టు కనిపిస్తే చాలు. ఎదుటివారు మాట్లాడకుండా ఎన్ని రోజులైనా ఉండగలరని, తాను ఉండలేనని ఒకరు నమ్మితే, ఆ నమ్మకమే షరతులు రాస్తుంది.

తెలుగులో అలక అనే అందమైన మాట ఉంది. అలిగినవారు తలుపు వేసుకున్నా గడియ పెట్టరు, బతిమాలడానికి దారి ఉంచుతారు, పిలిస్తే పలకాలనే అలుగుతారు. ఈ ఇంట్లోని మౌనాన్ని మొదట్లో ఆమె కూడా అలక అనే పిలిచేవారు. కానీ దానికి దారి లేదు. పిలిస్తే పలకడం ఉండదు, ఎప్పుడు ముగుస్తుందో తెలియదు, ముగిసినప్పుడు ఎందుకు ముగిసిందో కూడా తెలియదు. వెలివేతపై పరిశోధించిన కిప్లింగ్ విలియమ్స్ బృందం 2000 సంవత్సరంలో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. కంప్యూటర్ తెర మీద ముఖం తెలియని ఇద్దరు ఒకరికొకరు బంతి విసురుకుంటూ మూడోవారికి ఇవ్వకపోతే, ఆ కొద్ది నిమిషాలకే ఆ మనిషిలో తాను ఒకరికి చెందినవాడినన్న భావన, ఆత్మవిలువ, తన చేతిలో ఏదో ఉందన్న ధీమా, తన ఉనికికి అర్థముందన్న నమ్మకం దెబ్బతింటాయని విలియమ్స్ పరిశోధన చూపింది. ముక్కూమొహం తెలియనివారు కొద్ది నిమిషాల్లో చేసేది ఇది. ప్రేమించిన మనిషి నాలుగు రోజులు చేసినప్పుడు ఆత్మవిలువ 13కు పడిందంటే నేను ఆశ్చర్యపోనక్కరలేదు.

భాగస్వామి రాక

పట్టీ పూర్తయ్యాక ఆమె కోరిక మీద ఆయనను పిలిచాను. ముందు ఆయనతో ఒంటరిగా ఒక సెషన్, తరువాత నాలుగు ఉమ్మడి సెషన్లు జరిగాయి. నిజాయితీగా చెప్పాలంటే ఆయనను కలవడానికి ముందే నా మనసులో ఒక బొమ్మ తయారైంది, కలిశాక అది నిలవలేదు. మెల్లగా మాట్లాడే మనిషి. అరుపుల ఇంట్లో పెరిగారు. పెద్దలు అరుచుకుంటున్నప్పుడు చలనం లేకుండా కూర్చుంటే ఎవరి కంటా పడకుండా ఉండవచ్చని ఏడెనిమిదేళ్లకే తెలుసుకున్నారు. "నేను శిక్షించడం లేదండీ. తను గొంతు పెంచగానే నాకు మాట రాదు. చెవుల్లో హోరు వస్తుంది," అన్నారు.

అది నమ్మదగినదే. దంపతుల సంభాషణలను దశాబ్దాల పాటు ప్రయోగశాలలో పరిశీలించిన జాన్ గాట్‌మన్ ఈ స్థితిని వివరంగా రాశారు. గొడవలో గుండె వేగం నిమిషానికి 100 దాటినప్పుడు వినడం, ఆలోచించి జవాబివ్వడం కష్టమవుతాయి, శరీరం నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాల విరామం కావాలి. ఒకరు నిలదీయడం, మరొకరు వెనక్కి తగ్గడం అనే చక్రాన్ని ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హెవీ 1990లో అధ్యయనం చేశారు. మార్పు కోరేవారు నిలదీస్తారు, ఉన్నది ఉన్నట్టు సాగితే లాభపడేవారు తప్పుకుంటారు. తప్పుకోవడం శరీరపు నిస్సహాయత కావచ్చు, ఉన్న ఏర్పాటును కాపాడుకోవడం కావచ్చు. ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండవచ్చు, ఆ మనిషికే వాటిని విడదీయడం తెలియకపోవచ్చు. అయితే నలభై నిమిషాల నిస్సహాయతకు శరీరం కారణం కావచ్చు గానీ నాలుగు రోజులకు కాలేదు.

అందువల్ల ఒక చిన్న ఒప్పందం ప్రతిపాదించాను. మాట రానప్పుడు ఆయన ఒక్క వాక్యం చెప్పి వెళ్లాలి: నాకు ఇప్పుడు మాట్లాడటం కష్టంగా ఉంది, ఫలానా సమయానికి వస్తాను. గంట కావచ్చు, మరుసటి రోజు సాయంత్రం కావచ్చు, కానీ సమయం చెప్పాలి, వచ్చి మాట్లాడాలి. ఆ సమయం వరకు ఆమె వెంటపడకూడదు. మౌనం కేవలం ఊపిరి పీల్చుకోవడానికే అయితే ఈ వాక్యం చెప్పడం వల్ల ఆయనకు పోయేదేమీ లేదు, పైగా సుఖం. దాంతో మరో పని కూడా జరుగుతూ ఉంటే మాత్రం ఈ వాక్యం గొంతులో అడ్డుపడుతుంది.

తరువాతి ఆరు వారాల్లో అలాంటి సందర్భాలు ఐదు వచ్చాయి. మూడింటిలో ఆయన సమయం చెప్పి, దాన్ని పాటించారు. ఆ మూడుసార్లూ ఆమె నిద్రపోగలిగారు. మిగిలిన రెండింటి గురించి ఉమ్మడి సెషన్‌లో అడిగినప్పుడు చాలాసేపు ఆలోచించి ఆయన అన్న మాట ఇది: "ఎప్పుడు వస్తానో ముందే చెప్పేస్తే, తను ఇంక తన తప్పు గురించి ఆలోచించదు కదా."

గదిలో కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆ వాక్యాన్ని ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. తనలో తాను మొదటిసారి చూసుకున్నదాన్ని ఉన్నట్టుగా చెప్పారు, అలా చెప్పినందుకు ఈ రోజుకూ నాకు ఆయన మీద మన్నన ఉంది. కానీ ఆ వాక్యం అర్థాన్ని మెత్తబరచలేం. ఎదుటి మనిషిని అనిశ్చితిలో ఉంచడం వల్ల ఒక పని జరుగుతోందని, ఆ పని తనకు కావాలని ఆయనకు తెలుసు.

అడగడం

ఒంటరి సెషన్లలో మేము మరోవైపు నుంచి పని చేశాం. "అడగనివి" గడిలో నుంచి ఆమె ఒక్కొక్కటిగా తీసి అడగాలి. అడిగే ముందు ఆయన ఏమంటారో తన ఊహను కాగితం మీద రాయాలి, అడిగాక వచ్చిన జవాబును పక్కన రాయాలి. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెతను ఆమెకు గుర్తు చేయబోయి ఆగిపోయాను. అడగకపోవడం ఆమె బద్ధకం కాదు, ఐదేళ్లలో నేర్చుకున్న జాగ్రత్త.

రెండు నెలల్లో పద్నాలుగు అడిగారు. ప్రతిసారీ ఊహ ఒకటే: మౌనం. ఎనిమిదింటికి ఆయన ఏ ఇబ్బందీ లేకుండా సరే అన్నారు. నాలుగింటిలో చర్చ జరిగి మధ్యేమార్గం దొరికింది. రెండింటిలోనే ఊహించినట్టు మౌనం వచ్చింది. ఈ లెక్క చూసి ఆమె సంతోషిస్తారని నేను అనుకున్నాను. ఆమె ఏడ్చారు. "అంటే ఇన్నాళ్లూ తప్పంతా నాదేనా? అడిగితే ఇచ్చేవాడే కదా," అన్నారు.

ఈ మలుపు దగ్గర చికిత్సకులు తొందరపడితే క్లయింట్‌ను మళ్లీ మొదటికి తెచ్చి వదులుతారు. నేను ఆమెకు ఆ రెండింటిని చూపించాను. పద్నాలుగు తలుపుల్లో రెండు తలుపుల వెనుక దెబ్బ ఉందని, అవి ఏ రెండో ముందు తెలియదని ఉంటే, ఎవరైనా పద్నాలుగు తలుపుల ముందూ ఆగిపోతారు. ఎప్పుడు వస్తుందో తెలియని శిక్ష, ఎక్కడ వస్తుందో ముందే తెలిసిన శిక్షకంటే ఎక్కువ చోట్ల మనిషిని వెనక్కి లాగుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ దెబ్బ తగలదు కాబట్టి తప్పించుకోవడమే సరైనదని మనసు నిర్ధారించుకుంటుంది, భయం నిజమా కాదా అన్న పరీక్ష ఎప్పటికీ జరగదు. ఆమె భయం కల్పితం కాదు, అవసరానికి మించి పరచుకుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమని ఆమె ఒప్పుకోవడానికి మూడు సెషన్లు పట్టాయి. చికిత్స మొత్తంలో అత్యంత విలువైన సమయం ఆ మూడు గంటలేనని నేను అనుకుంటాను.

ఇంకొక తేడా కూడా ఈ దశలోనే తేలింది. ఆమె వాక్యాలన్నీ అనుమతి కోరేలా ఉండేవి. "వెళ్లనా?", "కొనుక్కోనా?" అని. ఇద్దరికీ సంబంధించిన విషయంలో అభిప్రాయం అడగడం వేరు, తన సొంత విషయంలో అనుమతి అడగడం వేరు. అక్క ఇంటికి వెళ్లడం రెండో రకం. "శనివారం అక్క దగ్గరికి వెళ్తున్నాను, నీకేమైనా పని ఉందా?" అన్న వాక్యాన్ని పలకడానికి ఆమె నా ముందు నాలుగుసార్లు సాధన చేశారు.

ఎనిమిది నెలల పని

పన్నెండో సెషన్ నాటికి ఆమె సంస్థలో విచారించారు. పాత అవకాశం మరొకరికి వెళ్లిపోయింది. అదే నగరంలో ఆరు నెలల మరో పని ఖాళీగా ఉంది. ఆమె ఒప్పుకుంటానని చెప్పి, అదే రోజు సాయంత్రం ఇంట్లో చెప్పారు. ఎప్పుడెప్పుడు కలుసుకోవాలి, ఇంటి అద్దె ఎలా పంచుకోవాలి అన్నవి కలిసి నిర్ణయిద్దామని అడిగారు. ఆయన సమయం చెప్పకుండా గదిలోకి వెళ్లిపోయారు. ఈసారి మౌనం ఆరు రోజులు సాగింది.

ఐదో రోజు ఆమె సెషన్‌కు వచ్చారు. ముఖం పీక్కుపోయింది. "సారీ అని తొమ్మిదిసార్లు టైప్ చేసి చెరిపేశాను. ఇది గెలుపు అని మీరు అంటే నాకు కోపం వస్తుంది. ఒళ్లంతా నొప్పిగా ఉంది," అన్నారు. నేను ఆ మాట అనలేదు. ఆ గంటలో మేము చేసింది చాలా తక్కువ. ఆ రాత్రి ఎవరితో మాట్లాడాలో, ఎక్కడ పడుకుంటే నిద్ర పడుతుందో, చెరిపేసిన మాటకు బదులు ఏదైనా రాయాలనిపిస్తే ఏం రాయవచ్చో అనుకున్నాం. ఆమె రాసింది: "నేను ఇక్కడే ఉన్నాను. నువ్వు మాట్లాడాలనుకున్నప్పుడు వింటాను. వెళ్లడం గురించి నా నిర్ణయం మారలేదు."

ఆరో రోజు రాత్రి ఆయన మాట్లాడారు. ఆమె వెళితే తిరిగి రారేమోనని భయమేసిందన్నారు. ఐదేళ్లలో ఆయన తన అవసరాన్ని మాటల్లో చెప్పడం అదే మొదటిసారి. ఆసక్తి తక్కువగా ఉన్నవారిగా ఇన్నాళ్లూ కనిపించిన మనిషి నిజానికి ఆమెకంటే ఎక్కువ ఆధారపడి ఉన్నారని, ఆ సంగతి బయటపడకుండా మౌనం కాపలా కాసిందని అప్పుడు ముగ్గురికీ అర్థమైంది. ఆమె ఆ మాటకు కరిగారు. ఆ తరువాతి సెషన్‌లో ఇంకో మాట కూడా అన్నారు: "ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే నేను తన చెయ్యి పట్టుకునేదాన్ని. ఆరు రోజులు నన్ను ఎండబెట్టి ఆరో రోజు చెప్పాడు. రెండూ నాకు గుర్తుంటాయి."

ఫలితం, దాని పరిమితులు

ఏడు నెలల్లో, ఉమ్మడిగా జరిగిన నాలుగింటితో కలిపి, ఆమెతో మొత్తం ఇరవై సెషన్లు జరిగాయి. ఆత్మవిలువ కొలమానంలో మొదట 13గా ఉన్న అంకె, నా అభ్యాసాలు నడిచిన నాలుగు వారాల తరువాత 11కు తగ్గింది. అడగడం మొదలుపెట్టిన నెలకు 15, పని ఒప్పుకున్నాక 18. చికిత్స ముగిసిన ఆరు నెలలకు పలకరించినప్పుడు 21. పీహెచ్‌క్యూ-9 అంకె 12 నుంచి 5కు వచ్చింది. ఈ వరుసను నేను ముఖ్యమైనదిగా చూస్తున్నాను. ఆమె ఆత్మవిలువ పెరిగాక అడగలేదు, అడిగి, జవాబు ఏదైనా తట్టుకుని నిలబడ్డాక అది పెరిగింది.

దీన్ని రుజువుగా చూపడం సరికాదు. ఒక్క కేసులో ఏది దేనికి కారణమో విడదీయడం కుదరదు. ఆమెకు వృత్తిలో కొత్త బాధ్యత దొరికింది, ఊరు మారింది, కాలం గడిచింది. ఆపైన, వెళ్లిన మూడో నెలలో ఆమె బంధాన్ని ముగించారు. దూరంలో ఉన్నప్పుడు కూడా ఫోన్‌లో రెండుసార్లు అదే మౌనం వచ్చిందని, రెండోసారి తనకు భయం కలగకపోవడాన్ని గమనించి, తాను ఇంక ఎదురుచూడటం లేదని తెలుసుకున్నానని చెప్పారు. బంధం నిలబడటాన్నో, తెగిపోవడాన్నో చికిత్స విజయానికి కొలతగా నేను తీసుకోను. ఆ నిర్ణయాన్ని ఆమె ఎవరి మౌనాన్నీ ఊహించుకోకుండా తీసుకున్నారా అన్నదే అడిగాను. అవునన్నారు, అయినా కొన్ని రాత్రులు ఆయన గుర్తొస్తారన్నారు.

ఈ కేసు తరువాత నా మదింపులో ఒక ప్రశ్న చేరింది. మీ మధ్య గొడవలు దేని గురించి జరుగుతాయి అని అడిగాక, మీరు అడగాలనుకుని ఈ నెలలో అడగకుండా వదిలేసినది ఏమిటి అని ఇద్దరినీ విడివిడిగా అడుగుతున్నాను. చాలామంది మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెబుతారు, రెండోదానికి సమయం తీసుకుంటారు. ఆయనను ఒంటరిగా కలిసిన ఆ ఒక్క సెషన్‌లో ఈ ప్రశ్న నేను అడగలేదు. అడిగి ఉంటే, వెళ్లిపోతావేమోనన్న భయం ఆరో రోజు వరకు ఆగకుండా ముందే బయటికి వచ్చేదేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

విడిపోయిన నాలుగు నెలలకు ఆయన ఫోన్ చేశారు. తన కోసం ఎవరినైనా చూడాలనుకుంటున్నానని, నన్నే కలవవచ్చా అని అడిగారు. ఆమెతో పని చేసిన నేను ఆయనకు తగనని వివరించి, ఇద్దరు సహవృత్తి నిపుణుల వివరాలు ఇచ్చాను. ఫోన్ పెట్టేసే ముందు, సందేహాలు వస్తే మళ్లీ అడగవచ్చా అన్నారు. అడగవచ్చన్నాను.